నో డయల్‌టోన్

2003లో గొల్లపల్లిలో ఇంటర్నెట్ అంటే ఇంట్లో ల్యాండ్‌లైన్, కంప్యూటర్లో మోడెమ్, కొట్టాల్సిన నంబరు 172233. సంచార్‌నెట్ అకౌంటు ఉన్నవాళ్లు బీఎస్ఎన్ఎల్ ఫోన్ నుంచి ఆ నంబరు కొడితే లోకల్ కాల్ ఖర్చుతో నెట్‌లోకి పోయేవాళ్లు. మన దేశంలో మామూలు జనానికి వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెరిచింది 1995 ఆగస్టు 15న. అది మా ఇంటి గడప తొక్కడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటికి జగిత్యాల జిల్లా లేదు. మేమంతా కరీంనగర్ జిల్లా వాళ్లం.

మా అన్న మస్కట్‌లో ఉండేవాడు. గొల్లపల్లిలోనే కాదు, అటు కోరుట్ల, ఇటు సిరిసిల్ల దాకా ఏ ఊరికి పోయినా కొడుకో అల్లుడో పెనిమిటో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. ఐఎస్‌డీ కాల్ అంటే మాటకంటే ముందు బిల్లు గుర్తొచ్చేది. మంచిచెడ్డలు అడగడం పూర్తికాకముందే "ఇగ పెడ్తున్న" అనే మాట వచ్చేది. అన్న ఉండే క్యాంపు దగ్గర నెట్ సెంటర్ ఉందనీ, యాహూ మెసెంజర్‌లో ఎంతసేపైనా రాసుకోవచ్చనీ తెలిసిన రోజు నుంచి మా అవ్వకు ఒకటే ధ్యాస. "బిడ్డా, గా డబ్బాల నెట్ ఎప్పుడత్తది?" అని పొద్దున్నే అడిగేది.

ఆ డబ్బా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సామాను కొని కూర్చిన సెలెరాన్ మిషన్. 128 ఎంబీ ర్యామ్, లోపలే బిగించిన మోడెమ్ కార్డు. విండోస్ లైసెన్సు కొనే స్థోమత మాకు లేదు. దొంగ కాపీ ఎక్కించుకోవడం నాకు ఇష్టం లేదు. అప్పట్లో పీసీక్వెస్ట్ పత్రికతోపాటు లినక్స్ సీడీలు ఇచ్చేవాళ్లు. లినక్స్ ఫర్ యూ అనే పత్రిక కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదలైంది. హైదరాబాద్‌లో చదువుతున్న మిత్రుడొకడు రెడ్‌హ్యాట్ 9 సీడీలు రాసిచ్చాడు. మార్చి ఆఖరున విడుదలైన సరుకు, మా ఊరికి వేసవిలోనే వచ్చింది. కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వడం అందులో హక్కు. ఆ సంగతి నన్ను మొదటి రోజే కట్టిపడేసింది.

ఎక్కించాక తెర వచ్చింది, సౌండు వచ్చింది, సీ కంపైలర్ వచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ విలువ ఏమిటో కూడా ఆ వారంలోనే అర్థమైంది. పని మధ్యలో కరెంటు పోయినా, తిరిగి వచ్చాక జర్నల్ చూసుకుని కొద్దిసేపట్లో లేచి కూర్చునేది. మోడెమ్ మాత్రం పలకలేదు. డయల్ చేసే కేపీపీపీ ప్రోగ్రామ్ తెరిచి "క్వెరీ మోడెమ్" నొక్కితే, మోడెమ్ స్పందించడం లేదని ఒక చిన్న పెట్టె వచ్చేది. అంతకుమించి ఏమీ లేదు.

అసలు సంగతి మిషన్‌లోని కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండు కొట్టినప్పుడు బయటపడింది. జాబితాలో ఒక వరుస: కమ్యూనికేషన్ కంట్రోలర్, లూసెంట్ మైక్రోఎలక్ట్రానిక్స్, 56కే విన్‌మోడెమ్. పేరులోనే విండోస్ ఉంది.

పాతకాలపు మోడెమ్‌లో పనంతా కార్డు మీదే జరిగేది. అంకెల్ని చప్పుడుగా, చప్పుడును అంకెలుగా మార్చే సిగ్నల్ ప్రాసెసర్ ఒకటి, మనం పంపే ఏటీ కమాండ్లు అర్థం చేసుకుని తప్పొప్పులు సరిదిద్దే కంట్రోలర్ ఒకటి. ధర తగ్గించడానికి తయారీదారులు ముందు కంట్రోలర్‌ను తీసేసి ఆ పనిని విండోస్ డ్రైవర్‌కు అప్పజెప్పారు. మరికొందరు సిగ్నల్ ప్రాసెసర్‌ను కూడా తీసేసి, ఫోన్ లైన్‌ను కంప్యూటర్‌కు తగిలించే నాలుగు భాగాలు మాత్రం మిగిల్చారు. అందుకే వేలల్లో ఉండే వస్తువు వందల్లో దొరికింది. నా కార్డు మొదటి రకం. దున్నే నాగలి కార్డు మీదే ఉంది, తోలే మనిషి విండోస్‌లో ఉండిపోయాడు. లినక్స్‌లో ఆ మనిషిని మనమే నిలబెట్టాలి.

నిలబెట్టిన వాళ్లు అప్పటికే ఉన్నారు. లూసెంట్ చిప్‌కు ఎల్‌టీమోడెమ్ అనే ప్యాకేజీ ఉంది. గుండెకాయ భాగం కంపెనీ ఇచ్చిన బైనరీ ముక్క, దాని చుట్టూ ఉన్న కోడు మాత్రం అందరూ చదివి దిద్దగలిగేది. మార్విన్ స్టొడోల్‌స్కీ అనే ఆయన స్కాన్‌మోడెమ్ అనే స్క్రిప్టు రాశారు. అది నడిపితే ఏ చిప్ ఉంది, ఏ డ్రైవర్ పనికొస్తుంది, మిషన్‌లో ఇంకేం కావాలి అన్నీ ఒక ఫైలులో రాసిపెడుతుంది. ఎక్కడో కూర్చుని, ముఖం తెలియని మనుషుల కార్డుల కోసం ఇంత పని చేసినవాళ్లంటే నాకు ఇప్పటికీ భక్తి.

చిక్కు ఏమిటంటే డ్రైవర్ ఉన్నది నెట్‌లో, నెట్‌కు పోవాలంటే డ్రైవర్ కావాలి. గొల్లపల్లి నుంచి బస్సెక్కి జగిత్యాల పోయి, టవర్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి, ఫ్లాపీలోకి దించుకుని వచ్చేవాణ్ణి. 1.44 ఎంబీలో పట్టితేనే సరుకు. ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని దుమ్ములో, ఎండలో వస్తే ఇంటికొచ్చేసరికి చదవనని మొండికేసేది. అందుకని రెండు ఫ్లాపీల్లో అదే ఫైలు ఎక్కించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చేవాణ్ణి.

డ్రైవర్ కంపైల్ కావాలంటే కెర్నెల్ సోర్సు కావాలి. అది సీడీల్లో ఉంది, ఎక్కించాను. కంపైల్ అయింది, మాడ్యూల్ తయారైంది. దాన్ని కెర్నెల్‌లోకి ఎక్కించే ఇన్స్‌మాడ్ కొట్టగానే తిప్పికొట్టింది. తెర మీద వచ్చిన మాట తెలుగులో చెప్పాలంటే ఇది: "ఈ మాడ్యూల్ 2.4.20-8కస్టమ్ కెర్నెల్ కోసం తయారైంది, ఇక్కడ నడుస్తున్న కెర్నెల్ 2.4.20-8."

ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాను. నేను కస్టమ్ అని ఎక్కడా పెట్టలేదు. రెడ్‌హ్యాట్ వాళ్ల సోర్సులో మేక్‌ఫైల్ తెరిచి చూస్తే మొదట్లోనే ఎక్స్‌ట్రావెర్షన్ అనే వరుస ఉంది, దానికెదురుగా "-8కస్టమ్" అని ఉంది. ఎవరైనా సొంతంగా కెర్నెల్ కట్టుకుంటే అసలుదాని మాడ్యూళ్లతో కలిసిపోకూడదని ముందుజాగ్రత్తగా వాళ్లు పెట్టిన తోక అది. మంచి ఆలోచనే. కానీ నాకు కావాల్సింది నడుస్తున్న కెర్నెల్‌కే మాడ్యూల్. ఆ తోక కత్తిరించి, కాన్ఫిగ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఐ686 ఫైలును కాపీ చేసి, మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్, మేక్ డెప్ కొట్టి, డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేశాను. ఈసారి ఇన్స్‌మాడ్ ఒప్పుకుంది. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు సుమా అని ఒక హెచ్చరిక పడేసి మాడ్యూల్‌ను లోపలికి తీసుకుంది.

మోడెమ్‌తో నేరుగా మాట్లాడే మినీకామ్ తెరిచి ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే కింద ఓకే అని వచ్చింది. ఆ రెండక్షరాలు చూసి నేను వేసిన కేకకు బాపు వాకిట్లోంచి "ఏమైందిరా?" అని ఉరికొచ్చిండు. మోడెమ్ పలికిందని చెప్పాను. "మరి అన్నకు కొట్టు" అన్నడు. ఇంకా అంత దూరం రాలేదని చెప్పడానికి నోరు రాలేదు.

లినక్స్‌తో నాకున్న అనుబంధమంతా ఆ వెర్షన్ వాక్యం దగ్గర మొదలైందంటే అతిశయోక్తి కాదు. గొల్లపల్లిలో నాకు చెప్పే గురువు లేడు, అడుగుదామంటే జగిత్యాలలోనూ ఎవరూ దొరకలేదు. మిషనే చెప్పింది. ఏది దేనితో ఎందుకు పొసగలేదో పేరుతో, అంకెతో సహా చెప్పింది. చెప్పిన చోటికి పోయి చూస్తే అక్కడ తాళం లేదు. డబ్బు లేనివాడికి, పట్నానికి దూరంగా ఉన్నవాడికి అంతకంటే పెద్ద బడి ఏముంటుంది?

తర్వాత నంబరు కొట్టి నెట్‌కు కలిపే డబ్ల్యూవీడయల్ కట్టాను. 172233 కొట్టమంటే కార్డు మీది చిన్న స్పీకర్ టక్కుమని, వెంటనే తెర మీద "నో డయల్‌టోన్". అదే లైనుకు ఫోన్ తగిలించి చెవిన పెట్టుకుంటే కుర్ర్ర్ అని టోన్ చక్కగా వినిపిస్తోంది. తీగ మార్చాను, సాకెట్ మార్చాను. అదే జవాబు.

దీని వెనక ఉన్న కారణం తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. అమెరికాలో డయల్‌టోన్ అంటే 350, 440 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు కలిసి మోగేది. మన దేశంలో డయల్‌టోన్ 400 హెర్ట్జ్ స్వరం, దాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపుతారు. మనకు వినిపించే కుర్రుమనే గరగర ఆ ఊపుదే. ఎక్స్చేంజి తప్పు లేదు, తీగ తప్పు లేదు, చెవి తప్పు లేదు. అమెరికా టోన్ కోసం చెవి ఒగ్గిన మోడెమ్‌కు మన టోన్ టోన్‌గా ఆనడం లేదంతే. మందు ఒక్కటే: డయల్ చేసే ముందు ఏటీఎక్స్3 కొట్టడం. టోన్ కోసం చూడకు, రెండు సెకన్లు ఆగి నంబరు కొట్టెయ్ అని దానర్థం. డబ్ల్యూవీడయల్ ఫైలులోని ఇనిట్2 వరుసలో ఎక్స్3 చేర్చాను.

అంకెలు పోయాయి. అవతల రింగు. ఎత్తారు. సన్నటి ఈల, 2100 హెర్ట్జ్‌ది, లైను మీది ఎకో యంత్రాలను పక్కకు తప్పుకోమనే సంకేతం. తర్వాత కిర్రు, గర్రు, బుస్సుమనే గాలి. ఇంట్లో అందరూ వచ్చి నిలబడ్డారు. "కనెక్ట్ 31200" అని వచ్చింది. పెట్టె మీద 56కే అని రాసి ఉన్నా ఆ వేగం రావాలంటే దారి మొత్తంలో అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్పిడి ఒక్కచోటే జరగాలి. పల్లె లైన్ల మీద అది మాకు దక్కలేదు. 31200 మాకు చాలు.

కలిసింది కానీ పేజీ తెరుచుకోలేదు. ఇది తొందరగానే తేలింది. మెసేజెస్ లాగ్‌లో కనెక్షన్ నడిపే పీపీపీడీ రాసిపెట్టింది: ఈటీహెచ్0కు ఉన్న డిఫాల్ట్ రూటును నేను మార్చడం లేదు అని. వాడని నెట్‌వర్క్ కార్డుకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే గేట్‌వే పెట్టేసి ఉంది, డేటా ప్యాకెట్లన్నీ అటు పోతున్నాయి. ఆ రూటు తీసేశాను.

ఆ రాత్రి అన్న, యాహూకు కలిసే గెయిమ్ అనే ప్రోగ్రామ్‌లో దొరికాడు. అవ్వ నా పక్కన పీట వేసుకుని కూర్చుని చెప్తుంటే నేను ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. "తిన్నవా అని అడుగు. ఏం కూర అని అడుగు. ఎండలు ఎట్లున్నయట?" ఒక్కొక్క జవాబు తెర మీద పడగానే చదివి వినిపించేవాణ్ణి. అన్న రాసిన దాంట్లో "అవ్వా" అనే మాట వచ్చిన ప్రతిసారీ "మళ్లొకసారి సదువు" అనేది. వంటింట్లో పొయ్యి మీద ఏముందో కూడా ఆ రోజు మస్కట్‌కు చేరింది. ఐఎస్‌డీలో ఆ మాటలకు చోటుండేది కాదు.

వానాకాలం మొదలయ్యాక గొడవ మరో రకంగా వచ్చింది. ముసురు పట్టిన రోజు కనెక్టయిన కాసేపటికే "నో క్యారియర్". ఎండ కాస్తే బాగుండేది. లైన్‌మెన్ అన్న వచ్చి ఎక్స్చేంజి నుంచి స్తంభం దాకా లైను మంచిగనే ఉందని చూసి చెప్పాడు. మా ఇంటి కప్పు మీద తీగను ముడివేసిన చోట తడి దిగుతోంది. ఆయన ఆ ముడి విప్పి, పచ్చగా తుప్పు పట్టిన రాగి కొసలు కత్తిరించి, కొత్తగా మెలిపెట్టి, టేపు చుట్టి, నీళ్లు కారిపోయేటట్టు కిందికి వంచి కట్టాడు. "మాట్లాడేటోళ్లకు గింత కరకర తెల్వదు తమ్మీ, నీ మిషన్‌కు తెలుస్తది" అన్నాడు. నిజమే. చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోదు. ఉరుములు వస్తే మాత్రం ఆర్జే-11 తీగ పీకి పక్కన పెట్టాల్సిందే. ఈ సలహా కూడా ఆయనదే. అది పాటించని ఇళ్లలో కాలిపోయిన కార్డులు తర్వాత చూశాను.

నాకు నెట్ వచ్చిందని తెలిసి పిలుపులు మొదలయ్యాయి. కోరుట్లలో డీటీపీ సెంటర్ పెట్టుకున్న మా మేనబావ దగ్గర బయట పెట్టుకునే సీరియల్ మోడెమ్ ఉంది. కంట్రోలర్, ప్రాసెసర్ అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. డ్రైవరే అక్కర్లేదు. విండోస్‌లో కామ్2 అనేది లినక్స్‌లో టీటీవైఎస్1 అవుతుంది, లెక్క సున్నా నుంచి మొదలు. ఆ ఒక్కటి సరిచేసి టీ తాగి వచ్చాను.

సిరిసిల్లలో అంత సులువు కాలేదు. 2004 అది. డిప్లొమా చదివే మిత్రుడి ఇల్లు. ముందు గదిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటాయి, వెనక గదిలో కంప్యూటర్. ఆ చప్పుడులో మోడెమ్ ఈల వినాలంటే డబ్బాకు చెవి ఆనించాల్సిందే. వాళ్లది స్మార్ట్‌లింక్ చిప్, పూర్తిగా సాఫ్ట్‌వేర్ మీద నడిచే రకం. ఎస్ఎల్ఏఎంఆర్ మాడ్యూల్ ఎక్కించి, ఎస్ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రామ్‌ను వెనక నడుపుతూ ఉంచితేనే అది మోడెమ్ అవుతుంది. దానికి దేశం పేరు కూడా చెప్పవచ్చు. కంట్రీ అని రాసి ఇండియా ఇచ్చాం. కనెక్టయింది.

కానీ రోజూ మిషన్ వేసిన గంటకో, కొంచెం అటూ ఇటుగానో లైను తెగిపోయేది. మళ్లీ కలిపితే కొద్దిసేపట్లో మళ్లీ తెగేది, ఆ తర్వాత మాత్రం ఎంతసేపైనా నిలిచేది. ఇంట్లోవాళ్లు సాంచెల వల్ల కరెంటు ఊగుతోందన్నారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. అయితే సాంచెలు బందుపెట్టిన ఆదివారం కూడా తెగింది. మేమిద్దరం గడియారం పెట్టుకుని, ఒక తెరలో టాప్ కమాండు వేసుకుని కూర్చున్నాం. మిషన్ వేసి గంట దాటిన కొన్ని నిమిషాలకు హార్డ్ డిస్కు గరగరమని తిరగడం మొదలుపెట్టింది. టాప్‌లో అప్‌డేట్‌డీబీ పైకొచ్చింది. లైను తెగింది.

రాత్రి ఆపేసే మిషన్లలో తెల్లవారుజాము పనులు జరగవు కదా. వాటిని మిగిలిపోకుండా చేయించడానికి అనాక్రాన్ ఉంటుంది. రెడ్‌హ్యాట్‌లో రోజువారీ పనులను మిషన్ లేచిన 65 నిమిషాలకు మొదలుపెట్టమని దాని ఫైలులో రాసి ఉంటుంది. అందులో ఒకటి అప్‌డేట్‌డీబీ, డిస్కు మీది ఫైళ్లన్నీ చదివి జాబితా రాసుకోవడం. ఆ సమయంలో ప్రాసెసర్‌కు ఊపిరాడటం లేదు. చప్పుడును క్షణం క్షణం లెక్కగట్టాల్సిన మోడెమ్ ప్రోగ్రామ్‌కు వంతు ఆలస్యమవుతోంది, అవతలివాళ్లు మనం పోయామనుకుని పెట్టేస్తున్నారు. ఫైళ్లు చదివినంత మాత్రాన ప్రాసెసర్‌కు అంత భారం ఎందుకని హెచ్‌డీపార్మ్‌తో చూస్తే డీఎంఏ ఆపి ఉంది. డిస్కు నుంచి వచ్చే ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోస్తోంది. డీఎంఏ వేశాం. మరుసటి రోజు 65 నిమిషాలకు డిస్కు తిరిగింది, లైను నిలిచింది. మిత్రుడి తండ్రి సాంచె ఆపి వచ్చి, "మా సాంచెలది తప్పులేదని తేలింది గదా" అని నవ్వాడు. ఆ మనిషి ముఖంలోని నెమ్మది చూసి నాకు చాలా తృప్తి కలిగింది. కరెంటు ఊగుతోందన్న మాట పడ్డప్పటి నుంచి ఆయన నెట్ అవసరమైనప్పుడల్లా రెండు సాంచెలు బందుపెట్టి కూలి పోగొట్టుకుంటున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

రెడ్‌హ్యాట్ 9కు కంపెనీ మద్దతు 2004 ఏప్రిల్ ఆఖరుతో అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఫెడోరాలో కెర్నెల్ 2.6. మాడ్యూళ్లు కట్టే పద్ధతే మారిపోయింది. అన్నతో మాట తెగకూడదని నేను పాత కెర్నెల్‌నే పట్టుకుని ఉన్నాను. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. మా లైనుకు అది ఇంకా తర్వాత వచ్చింది. కొత్త మోడెమ్ నెట్‌వర్క్ తీగతో తగులుకునేది, డ్రైవర్ గొడవ లేదు. పాత కార్డు విప్పి ధర్మపురిలో ఇంకా డయలప్ మీదే ఉన్న ఒక మాస్టారుకు, కంపైల్ చేసిన మాడ్యూల్, డబ్ల్యూవీడయల్ ఫైలుతో సహా ఇచ్చాను.

బ్రాడ్‌బ్యాండ్ తగిలించిన సాయంత్రం పీపీపీఓఈ కలిసింది, పేజీ తెరుచుకోలేదు. పక్కనున్నవాళ్లు కంపెనీకి ఫోన్ చేద్దామన్నారు. లాగ్ తెరిచాను. ఈటీహెచ్0కు ఉన్న డిఫాల్ట్ రూటును మార్చడం లేదని పీపీపీడీ రాసిపెట్టి ఉంది. రూటు తీసేసి మళ్లీ కలిపాను. పేజీలు తెరుచుకున్నాయి, అన్న ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.